చెకింగాయన గుటక

పెళ్ళయిన కొత్తలో కర్టెన్లావిడ బీరు వాసన తగిలితేనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు మూత తీసిన చప్పుడు వింటే చాలు, ఆ సీసాలో ప్రాణం ఉందో లేదో చెప్పేస్తుంది. ఇదంతా ఆమె మొగుడి చలవే. అయితే ఆయన ప్రేమగా కూర్చోబెట్టి నేర్పించాడనుకునేరు, అలాంటి పాపం ఆయన ఎరగడు.

ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. అందరూ చెకింగాయన అనేవారు. ఆయన వెనక మెట్టు మీద కాలు పెట్టగానే, టికెట్ కొన్నవాళ్ళ చేతులు కూడా వాటంతటవే జేబులు తడుముకునేవి. ఆ భయం చూడటం ఆయనకు జీతం కన్నా ఇష్టం. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా చెకింగు ఆగేది కాదు. కుళాయి కారుతోందా, లైటు అనవసరంగా వెలుగుతోందా, పెళ్ళాం కుట్టిన కర్టెను అంచు వంకర పోయిందా, ఏదో ఒకటి దొరికేదాకా చెప్పులు విప్పేవాడు కాదు. దొరకని రోజు ఆయన ముఖం చూడలేం.

ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని తలుపులకీ కిటికీలకీ కర్టెన్లు కుట్టేది. పిల్లలు లేరు. మిషను చప్పుడు, ఆయన గొంతు, ఈ రెండే ఆ ఇంట్లో వినిపించేవి. రెండోది మొదలైతే మొదటిది ఆగిపోవాలి.

బయట ఎవరి కంటైనా పడితే పరువు పోతుందని చెకింగాయన ఇంట్లో తప్ప తాగేవాడు కాదు. సెలవుకు ముందురోజు సాయంత్రం డిపో స్నేహితులు ముగ్గురు వచ్చేవారు. ఆయన ఎప్పుడూ ఒకే రకం తెచ్చేవాడు కాదు. పచ్చ సీసా, గోధుమరంగు సీసా, పొట్టిది, మెడ పొడుగుది, డబ్బా, ఇలా బల్ల నిండా వరస పేర్చేవాడు. ఒక్కొక్కటీ ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూసి, తారీఖు చదివి, గ్లాసు వాల్చి అంచు మీదుగా పోసి, మొదటి గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. స్నేహితులు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. "టికెట్టుంది" అంటే మంచి బీరు. "దింపెయ్" అంటే చెడ్డది. ఆ మాట కోసం ముగ్గురూ పళ్ళికిలించుకుని ఎదురుచూసేవారు, బీరు ఆయన పోయిస్తున్నాడు కదా మరి.

ఆవిడకూ ఒక వాటా ఉండేది. సీసా అడుగున రెండు వేళ్ళ మందం మిగిలిన బీరు. సాయంత్రమంతా మూత లేకుండా బల్ల మీద పడి ఉండి, చల్లదనం పోయి, నురగ చచ్చి, గోరువెచ్చగా అయినది. ఆట చివర ఆయన వంటింటి వైపు కేకేసేవాడు.

"ఏమేవ్, ఇలా రా. దీని సంగతేంటో చెప్పు."

వద్దంటే స్నేహితుల ముందు ఆయన ముఖం చిన్నబోతుంది. ఆయన ముఖం చిన్నబోతే ఆ వారమంతా ఇంట్లో నిప్పులు కురుస్తాయి. అందుకని తాగేది. మొదట్లో "బాగుందండీ" అనేది.

"బాగుందేంటే? బాగుందని బస్సెక్కిన ప్రతివాడూ అంటాడు. టికెట్టేది?" అనేవాడు. ముగ్గురూ పగలబడి నవ్వేవారు.

ఒకసారి, ఎందుకు బుద్ధి పుట్టిందో గానీ, ఆవిడ నిజంగానే ఆలోచించి చెప్పింది. "తడిసిన అట్టపెట్టెలా ఉందండీ."

అంతే. ఒకడు కుర్చీలోంచి జారిపోయాడు. ఇంకొకడికి బీరు ముక్కులోకి ఎక్కింది. పాతబడిన బీరుకు సరిగ్గా ఆ వాసనే వస్తుందని ఆ నలుగురిలో ఎవడికీ తెలియదు. తెలిస్తే అంతకుముందే దానికి "టికెట్టుంది" అని చెకింగాయన అనేవాడు కాదు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు అట్టపెట్టె. "అట్టపెట్టెగారూ, గ్లాసులు కడిగారా?" "అట్టపెట్టెగారికి ఇవాళ ఒంట్లో బాగోలేదా?" ఆవిడ నవ్వు ముఖం పెట్టుకుని గ్లాసులు తీసుకెళ్ళేది. వంటింట్లోకి వెళ్ళాక ఆ నవ్వును ఏం చేసేదో ఎవరూ చూడలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం చెకింగాయన బస్సు వెనక మెట్టు మీద కాలు పెట్టి, రెండో కాలు ఎత్తలేక, వెనక్కి పడిపోయాడు. లోపల టికెట్ లేకుండా కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ రోజు బతికిపోయి ఉంటారు.

ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. వాటన్నిటికన్నా ఘోరం, మింగడం పోయింది. గొంతులో ఏది పోసినా కడుపులోకి వెళ్ళాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ముక్కులోంచి ఒక సన్నటి గొట్టం దింపి, దాన్ని బుగ్గ మీద ప్లాస్టరుతో అతికించి ఇంటికి పంపించారు. గొట్టంలోంచి ఏం పోయాలో, ఎలా పోయాలో నర్సు ఆవిడకు చూపించింది. అన్నీ కలిపి రుబ్బిన పిండిలాంటి బూడిదరంగు ద్రవం. దానికి రుచి ఉన్నా లేకపోయినా ఒకటే, నాలుక దాన్ని చూడదు.

డిపో స్నేహితులు వచ్చారు. మంచం చుట్టూ నిలబడి, "మీరు పులి సార్, లేచి కూర్చుంటారు" అన్నారు. రెండోసారి ఒక్కడే వచ్చాడు, అదీ చెప్పులు విప్పకుండా గుమ్మంలోంచే మాట్లాడి వెళ్ళాడు. తర్వాత ఎవరి జాడా లేదు.

ఆయన్ని ఒంటరిగా వదలడానికి వీల్లేక ఆవిడ కుట్టుమిషను మంచం పక్కకే జరుపుకుంది. పగలంతా కుట్టడం, మధ్యమధ్యలో గొట్టంలో పొయ్యడం, పక్క మార్చడం, తుడవడం. ఎవరేమన్నా అనుకోనివ్వండి, చాకిరీ మాత్రం లోటు లేకుండా చేసింది. ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేవనివ్వలేదు.

ఒక సాయంత్రం ఉక్కపోతకు తట్టుకోలేక ఫ్రిజ్జు తెరిచింది. వెనకమూల ఆయన పడిపోక ముందు తెచ్చిపెట్టుకున్న సీసా ఒకటి మిగిలిపోయి ఉంది. పారబోద్దామనే తీసింది. మూత తీయగానే చిన్న నిట్టూర్పులాంటి చప్పుడొచ్చింది, మెడలోంచి తెల్లటి పొగ లేచింది. ఆవిడ అలా చూస్తూ నిలబడిపోయింది. గ్లాసులో పోసింది. నురగ గ్లాసు అంచు దాటి పైకి లేచి నిలబడింది. ఎప్పుడూ ఇంకొకళ్ళ ముందు చూడటమే గానీ తన ముందు అలాంటి గ్లాసు ఆవిడ ఎన్నడూ చూడలేదు. మిషను దగ్గర కూర్చుని మొదటి గుక్క తాగింది.

చల్లగా, నాలుక మీద సన్నగా పొడుస్తూ, వెనకనించి కమ్మటి చేదు వస్తూ గొంతు దిగింది. కాల్చిన రొట్టె అంచు కొరికినట్టు ఒక రుచి మాత్రం వెనకే ఉండిపోయింది.

ఆవిడకు ముందు ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఇదా ఇన్నాళ్ళూ వీళ్ళు తాగింది! ఇంత బాగుండేదాన్ని తాము తాగి, చచ్చిన శవాన్ని తన చేతికిచ్చి రుచి చెప్పమన్నారా! చెప్తే నవ్వారా! పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన అన్న మాటల్లో ఏదీ ఆవిడకు అంత గట్టిగా తగల్లేదు. అరిచాడు, తిట్టాడు, సరే. కానీ ఒక్క మొదటి గుక్క, ఒక్కటంటే ఒక్కటి, ఇస్తే ఆయన సొమ్మేం పోయింది?

తలెత్తి చూస్తే చెకింగాయన కళ్ళు గ్లాసు మీదే ఉన్నాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. గొంతు దగ్గర ముడి పైకి లేవబోయి, లేవలేక, వణికి ఆగిపోయింది.

ఆవిడ దాన్ని చూసింది. చూసి, గ్లాసు ఎత్తి, ఇంకో గుక్క తాగింది, ఈసారి నెమ్మదిగా.

"బాగుందండీ," అంది.

ఆ మర్నాడు కర్టెన్లావిడ బతుకులో మొదటిసారి బీరు కొట్లో అడుగుపెట్టింది. కొట్టాయన ఎవరికి కావాలో అడిగాడు. "నాకే" అంటే ఒక్క క్షణం తడబడి, "ఎలాంటిది కావాలి మేడమ్?" అన్నాడు. ఎలాంటివి ఉంటాయో తెలిస్తే కదా చెప్పడానికి! గుడ్డల కొట్లో రంగు చూసి ఎంచుకున్నట్టు సీసాల మీద కాగితాలు చూసి రెండు తెచ్చుకుంది. ఒకటి నీళ్ళలా ఉంది, ఇంకొకటి తాగుతుంటే చెవులు వేడెక్కాయి. ఆ రెండూ ఎందుకు నచ్చలేదో మర్నాడు వెళ్ళి చెప్పింది. అలా చెప్పే మనిషి ఆ కొట్టాయనకు ఎప్పుడూ తగల్లేదు. తాగేవాళ్ళు "స్ట్రాంగ్" అంటారు, "లైట్" అంటారు, డబ్బులిచ్చి పోతారు. ఆయనకు సరదా పుట్టింది. మేడమ్ కాస్తా అక్క అయింది.

"అక్కా, ఇది గోధుమతో చేసింది. మబ్బుగా ఉంటుంది, పాడైందనుకోకు."

అది ఆవిడకు ప్రాణం. పోస్తే లేత నారింజరంగు మబ్బు గ్లాసులో దిగినట్టుంటుంది. వాసనకు అరటిపండూ లవంగమూ, తాగితే మెత్తగా. ఇంకోరోజు నల్లటిది తెచ్చింది. దీపానికి పట్టినా వెలుగు దూరదు, కాఫీ గింజలు కాస్త మాడినట్టు, నురగ మాత్రం మీగడలా. ఇంకొకటి పుల్లనిది, పళ్ళు జివ్వుమన్నాయి, ఇదేం బీరు అని తిట్టుకుంది, సీసా సగమయ్యేసరికి ఇంకోటి తెచ్చుకోవలసిందనుకుంది. నల్లదాన్ని గడ్డకట్టేంత చల్లగా తాగితే రుచి దాక్కుంటుందని, పల్చటిదాన్ని వేడెక్కనిస్తే చస్తుందని తనంతట తనే కనిపెట్టుకుంది. రోజూ ఒక్కటే. కుట్టు ముగించి, చేతులు కడుక్కుని, దారపు ముక్కలన్నీ ఊడ్చేసి, అప్పుడు కూర్చునేది. ఏ పని మిగిలి ఉన్నా సీసా తెరిచేది కాదు. ఆ మాత్రం సంతోషం మనిషికి ఎంత అవసరమో ఆవిడకు అప్పుడే తెలిసింది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఏడుపొచ్చేది కూడా.

ఇక్కడితో ఆగితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కానీ ఆవిడ ఆ సీసా ఎక్కడ తెరిచేదంటే, చెకింగాయన మంచం ఎదురుగా. కుర్చీ ఆయన కళ్ళకు తిన్నగా వేసుకునేది. ముందు సీసా ఆయన ముఖానికి దగ్గరగా పట్టి కాగితం చూపించేది.

"తారీఖు చూశారా? కొత్తదే. నేను చెక్ చేశాను లెండి."

మూత తీసి ఆయన ముక్కు దగ్గర, గొట్టం లేని వైపు, ఒక్క క్షణం పెట్టి తీసేసేది. తర్వాత పోసేది. తాగేది. తాగినదాని గురించి మొదటి గుక్క నుంచి చివరి గుక్క దాకా పూసగుచ్చినట్టు చెప్పేది.

"ముందు తియ్యగా తగిలిందండీ. ఇదిగో, ఇప్పుడు చేదొస్తోంది. నాలిక పక్కల్నించి వస్తోంది. అయ్యో, మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను? ఇంట్లో రుచి తెలిసిన మనిషి మీరొక్కరే కదా."

ఎప్పుడూ ఆయన్ని నువ్వు అనలేదు. ఒక్క మాట తూలలేదు. ఆ మర్యాదే ఆయనకు పుండు మీద కారంలా తగిలేది. ఆయన ఎడంచేత్తో దుప్పటి పట్టుకుని పిండేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నోట్లో నీళ్ళు ఊరి పెదవి మూల నుంచి కారేవి. ఆవిడ జేబురుమాలు తీసి, ఒత్తకుండా, జాగ్రత్తగా తుడిచి, మళ్ళీ గ్లాసు అందుకునేది. చివర్లో రెండు వేళ్ళ మందం మిగిల్చి, అది ఆయనకు చూపించి, సింకులో పారబోసేది.

ఇలాంటిది చేస్తూ ఆవిడ హాయిగా నిద్రపోయేదా అని అడిగితే, పోయేది. ఏళ్ళ తరబడి లేని నిద్ర.

మింగడం నేర్పడానికి ఆసుపత్రి నుంచి వారానికోసారి ఒక అమ్మాయి వచ్చేది. చిన్న వయసు, పెద్ద సంచీ. చెకింగాయన గొంతు ముడి మీద రెండు వేళ్ళు ఆనించి, "మింగండి అంకుల్, ఊఁ, లాలాజలం మింగండి" అని బతిమాలేది. ఆయన గోడ వంక చూసేవాడు. ఒకరికి తన గొంతు చెక్ చేయనిచ్చే మనిషా ఆయన! అమ్మాయి చెంచా చల్లబరిచి నాలుక మీద రాసేది, దవడలు నిమిరేది, చివరికి నిట్టూర్చి సంచీ సర్దుకునేది.

ఒకరోజు అలాగే వేళ్ళు ఆనించిన అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆంటీ! ఇటు రండి. అంకుల్ గుటక వేశారు! నా వేళ్ళ కింద ముడి పైకి లేచింది!"

ఆవిడ మిషను ఆపి వచ్చింది.

"మళ్ళీ వేశారు! చూడండి! ఇన్నాళ్ళూ ఏమీ లేదు, ఇప్పుడింత బలం ఎక్కడ్నించి వచ్చింది? మధ్యలో మీరేమైనా చేయిస్తున్నారా?"

"నేనేం చేయిస్తానమ్మా? సాయంత్రాలు కాసేపు కూర్చుని కబుర్లు చెప్తాను."

"తిండి కబుర్లా?"

"అలాంటివే."

అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. "అదే ఆంటీ! అదే మందు! నోరూరితే మనిషి ఊరుకోలేడు, మింగాలని చూస్తాడు. మింగాలని చూసిన ప్రతిసారీ గొంతు కండకి బలం వస్తుంది. ఆశ లేకపోతే మేం ఎంత నొక్కినా లాభం లేదు. మానకండి. ఇలాగే ఉంటే వచ్చే పరీక్షలో ముక్కు గొట్టం తీసేస్తారు. చెంచాతో మొదలుపెట్టి మెల్లగా అన్నీ తాగుతారు, తింటారు. పరీక్షలో తప్పారంటే మాత్రం కడుపుకి కన్నం పెట్టి గొట్టం వేసేస్తారు. అది వేశాక మళ్ళీ మింగినవాళ్ళని నేనైతే పెద్దగా చూళ్ళేదు."

ఆవిడ అమ్మాయిని గుమ్మం దాకా సాగనంపి వచ్చింది. పగ తీర్చుకుంటున్నాననుకుంటూ రోజూ సాయంత్రం కూర్చుని ఆయనకు వైద్యం చేస్తోందా! తను తాగిన ప్రతి సీసా ఆయన్ని ఒక్కో మెట్టు ఎక్కిస్తోందా! ఇంతకన్నా నవ్వులాట ఇంకేముంటుంది?

ఆ సాయంత్రం సీసా తెరవాలా వద్దా అని చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చుంది. అప్పుడు మంచం మీంచి మాట వినిపించింది.

"గ్లాసు."

పడిపోయాక ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట. మెలికలు తిరిగి, ముద్దగా వచ్చింది గానీ మాట మాటే. ఆవిడ చప్పున తల తిప్పింది. ఆయన ఆవిడ వంక చూడటం లేదు, బల్ల వంక చూస్తున్నాడు. ఎడంచేతి చూపుడువేలు బల్ల వైపు చాచి ఉంది.

"గ్లాసు," అన్నాడు మళ్ళీ.

ఆ గొంతులో బతిమాలడం ఉంటే కథ ఎటు తిరిగేదో చెప్పలేం. ఆవిడ రాయి కాదు, గొట్టం పోటుకు ఆయన మూలిగిన రోజుల్లో పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్న మనిషే. కానీ అందులో బతిమాలడం లేదు. వంటింటి వైపు వేసే పాత కేక అది, బలం తగ్గిందంతే. కాలూ చెయ్యీ ఆడకపోయినా, ముక్కులో గొట్టంతో, మాట వచ్చీ రాగానే ఆయన మళ్ళీ చెకింగుకు ఎక్కేశాడు. ఆవిడకు ముందున్న రోజులన్నీ ఒక్కసారి కళ్ళకు కట్టాయి. ఆయన లేచి కూర్చుంటాడు. బీరు తెప్పిస్తాడు. మొదటి గుక్క ఆయనది. డిపో నుంచి ఆ ముగ్గురూ చెప్పులు విప్పి మరీ వస్తారు.

"అలాగేనండీ," అంది. గ్లాసు తీసుకుని వెళ్ళి వంటింటి అల్మారాలో, పై అరలో, కనపడకుండా పెట్టేసింది.

మర్నాడు కుట్టుమిషను ముందు గదిలోకి మార్చేసింది. "చప్పుడుకి ఆయనకి నిద్ర పట్టట్లేదు" అని అడిగినవాళ్ళకు చెప్పింది. మంచం దగ్గర బీరు తాగడం మానేసింది. తాగడం మానలేదు లెండి. వంటింటి తలుపు గడియ వేసుకుని, మూత మీద గుడ్డ కప్పి, చప్పుడు రాకుండా తీసి, నిలబడి తాగేది. సీసాలు పిండిడబ్బా వెనక దాచేది. ఆయన మంచం దగ్గరకు వచ్చేటప్పుడు నోరు పుక్కిలించి వచ్చేది. బూడిదరంగు ద్రవం వేళకు పోసేది. ఒక్క కబురు చెప్పేది కాదు.

మొదట్లో ఆయన ఎడంచేత్తో మంచం పట్టె మీద కొట్టేవాడు. "గ్లాసు, గ్లాసు" అనేవాడు. ఆవిడ వచ్చి దిండు సర్ది, "పడుకోండి, అలిసిపోతారు" అని వెళ్ళిపోయేది.

చెకింగాయన చెల్లెలు చూడ్డానికి వచ్చింది. ఇంట్లో ఎక్కడా సీసాల జాడ లేకపోవడం చూసి అడిగింది. "వదినా, నువ్వేదో కాస్త పుచ్చుకుంటున్నావని కొట్టాయన మా ఆయనతో అన్నాడట, నిజమేనా?"

"పుచ్చుకునేదాన్నే. మానేశాను. ఆయన గుక్కెడు మంచినీళ్ళు తాగలేకపోతుంటే నాకు మాత్రం ఎలా దిగుతుంది?"

ఆడపడుచు వదినను కావలించుకుని భోరుమంది. "మా అన్నయ్య నిన్నెంత రాచిరంపాన పెట్టాడో నాకు తెలుసు. అయినా నువ్వు ఇలా... నీ కాళ్ళు మొక్కినా తప్పులేదు వదినా" అంది. మంచం మీద ఆయన అంతా వింటూనే ఉన్నాడు. కళ్ళు చెల్లెలి వైపు తిప్పి, ఎడంచెయ్యి ఎత్తి, ఏదో చెప్పబోయాడు. "గ్లా... గ్లా..." అన్నాడు. "చూశావా, నిన్ను దీవిస్తున్నాడు" అని ఆడపడుచు మళ్ళీ ఏడ్చింది.

మింగుడు నేర్పే అమ్మాయి బుర్ర గోక్కుంది. "బలం తగ్గుతోందేంటి ఆంటీ? కబుర్లు చెప్తున్నారా?"

"చెప్తూనే ఉన్నానమ్మా."

"పోనీ, అంకుల్‌కి బాగా ఇష్టమైంది ఏంటి? బీర్ అంటే ప్రాణమట కదా, వాళ్ళ చెల్లెలు చెప్పారు. తప్పేం లేదు, నేను డాక్టర్‌గారిని అడిగాను. చిక్కబడే పొడి కలిపి అర చెంచా నాలిక మీద పెడదాం. కనీసం వాసన చూపిద్దాం. ఒక్క సీసా తెప్పిస్తారా?"

పిండిడబ్బా వెనక ఆ పూట గోధుమబీరు ఉంది, చల్లబడటానికి ఫ్రిజ్జులోకి మార్చాల్సినది.

"ఛీ ఛీ," అంది ఆవిడ. "ఆ దరిద్రం వల్లే కదమ్మా ఇంతా జరిగింది. మళ్ళీ ఇంట్లోకి రానిస్తానా?"

అమ్మాయికి ఆ మాటలో కష్టాలు పడ్డ ఇల్లాలు కనిపించింది. తనలాంటివాళ్ళు బలవంతం చేయకూడదనుకుంది.

పరీక్షలో చెకింగాయన తప్పాడు. కడుపుకు కన్నం పెట్టి గొట్టం వేశారు. బుగ్గ మీద ప్లాస్టరు పోయింది, ముక్కు ఖాళీ అయింది. ఇంటికి తీసుకొచ్చాక చూస్తే ముఖం శుభ్రంగా, పెళ్ళినాటి ఫొటోలోలా ఉంది. ఇప్పుడిక భయం లేదు. ఆయన లేవడు, కేకెయ్యడు, గ్లాసు అడగడు. ఆవిడ గెలిచింది.

రెండు రోజులు పోయాక కుట్టుమిషను మళ్ళీ మంచం పక్కకు లాక్కుంది. వంటింట్లో నిలబడి తాగడం ఆవిడకు అసలు నచ్చలేదు. ఎంత మంచి బీరైనా, ఇది ఇలా ఉంది అని చెప్పుకోవడానికి మనిషి లేకపోతే సగం రుచి సీసాలోనే ఉండిపోతోంది. కొట్టాయన ఆవిడ కోసమే దాచి ఉంచిన సీసా ఒకటి ఇచ్చాడు. చెక్క పీపాల్లో ఏడాది నిలవ ఉంచిన ముదురు ఎర్రటి బీరు. కుట్టు ముగించి, చేతులు కడుక్కుని, కుర్చీ ఆయన కళ్ళకు తిన్నగా వేసుకుంది. కాగితం చూపించింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టింది. ఇప్పుడు రెండు వైపులా ఖాళీయే.

"చూశారా? ఇలాంటిది మీరు కూడా ఎప్పుడూ తేలేదు."

పోసింది. ఎర్రటి రంగు మీద లేత గోధుమరంగు నురగ నిలబడింది. ఒక గుక్క తాగి, ఆయన గొంతు వంక చూసింది.

ముడి కదల్లేదు.

"ఎండుపళ్ళ రుచండీ. కాస్త చెక్క వాసన. చివర్లో పులుపు," అంది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. సీసాను చూస్తున్నాయి, గోడను చూసినట్టే చూస్తున్నాయి. చెయ్యి దుప్పటి మీద వదులుగా పడి ఉంది. కోపం లేదు, నీళ్ళు లేవు. పెదవి మూల పొడిగా ఉంది.

ఆవిడ గ్లాసు దగ్గరగా జరిపింది. ఇంకా దగ్గరగా జరిపింది. నురగ ఆయన పై పెదవికి అంటింది. ఆయన నాలుక బయటికి రాలేదు. ఆయన తాగలేకపోవాలని కోరుకుంది, నిజమే. ఆయనకు తాగాలనే లేకుండా పోవాలని ఎప్పుడూ కోరుకోలేదు. ఆవిడ పగకు, ఆవిడ రుచికి, ఆవిడ మాటకు, ఇన్నేళ్ళ కాపురానికి ఎదురుగా మిగిలింది ఆ ఆశ ఒక్కటే. దాన్ని తన చేతులతోనే తీసి పారేసింది.

"గ్లాసు అనండి," అంది. "ఒక్కసారి అనండి. మీరు అడిగితే ఇస్తాను. ఒట్టు. మొదటి గుక్క మీకే ఇస్తాను."

చెంచా తెచ్చింది. బీరులో ముంచి ఆయన నోట్లో పెట్టింది. ఆ అమ్మాయి పెట్టినట్టే రెండు వేళ్ళు గొంతు ముడి మీద ఆనించింది. "మింగండి," అంది. "ఊఁ, మింగండి. ఏమండీ, మింగండి." తలుపు తీసే ఉంది, వీధిలో వెళ్ళేవాళ్ళకు వినపడేంత గట్టిగా అంటోందని ఆవిడకు తెలియలేదు.

వేళ్ళ కింద ఏమీ కదల్లేదు. బీరు పెదవి మూల నుంచి బయటికొచ్చి, గడ్డం మీదుగా కారి, ఆ ఉదయమే ఉతికి పరిచిన దిండు గలీబు మీద పడింది.